రిపోర్టు రెండుసార్లు దారి తప్పించిన ఒక కాలి గడ్డ కేసు

పేషెంటుని అడిగే రాస్తున్నాను. వయసులు, ఇంట్లో మనుషుల వివరాలు, కాలక్రమం కొంచెం మార్చాను, కాబట్టి ఎవరో పోల్చుకుందామని చూడకండి. ఎక్కడ ఏం ఆలోచించామన్నది మాత్రం జరిగింది జరిగినట్టే పెట్టాను. అందులో నా తప్పులు కూడా ఉన్నాయి, అసలు రాయడానికి కారణం అవే. వంశపారంపర్యంగా సిరల్లో రక్తం గడ్డలు కట్టే లక్షణం ఉందేమోనని ఎవరికైనా అనుమానం వస్తే మనం వెంటనే "ఆ ప్రొఫైల్ పంపించండి" అంటాం, అంటే ఆ లోపాలు వెతికే రక్తపరీక్షల ప్యాకేజీ. ఈ కేసులో ఆ ప్రొఫైల్ యాంటీథ్రాంబిన్ అనే, గడ్డకట్టడాన్ని ఆపే ప్రోటీన్ని ఒకసారి తక్కువ చూపించింది, ఇంకోసారి ఎక్కువ చూపించింది, రెండుసార్లూ నన్ను తికమక పెట్టింది. ఉన్నది ఉన్నట్టు చెప్పినవి రెండే: గడ్డని ఆపే హెపారిన్ మందు ఎక్కించిన పంపు, పేషెంటు అన్నయ్య కాలు.

ఎలా వచ్చింది

31 ఏళ్ల ఆవిడ, కూర్చుని చేసే ఉద్యోగం, నాలుగేళ్ల పాప. ఎడమ పిక్కలో లాగుతున్నట్టు నొప్పి మొదలై నాలుగు రోజులైంది. రెండో రోజున ఒకచోట చూపించుకుంటే కండరం పట్టేసిందని నొప్పి మాత్ర, రాసుకోవడానికి ఆయింట్‌మెంట్ ఇచ్చారు. వాళ్లని తప్పు పట్టడం లేదు, ఎందుకంటే ఆ రోజుకి వాపు లేదట, వాపు లేని పిక్క నొప్పితో వచ్చేవాళ్లలో ఎక్కువమందికి నిజంగానే కండరం పట్టేస్తుంది. నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాలంతా తొడ దాకా వాచి, బిగుతుగా, కాస్త నీలంగా ఉంది. కుడి పిక్కతో పోలిస్తే చుట్టుకొలత 5 సెంటీమీటర్లు ఎక్కువ. వేలితో నొక్కితే గుంట పడుతోంది.

ఏమైనా మందులు వాడుతున్నారా అని అడిగాను. లేదంది. హార్మోన్ మాత్రలు? అదీ లేదంది. గంట తర్వాత, ఎందుకో నర్సుతో మాట్లాడుతూ "నెలసరి ఎక్కువవుతోందని ఇచ్చిన మాత్రలు" తొమ్మిది వారాలుగా వేసుకుంటున్నానని చెప్పిందట. అవి ఈస్ట్రోజెన్ ఉన్న కాంబినేషన్ మాత్రలే. ఆవిడ దృష్టిలో అవి గర్భం రాకుండా వేసుకునేవి కావు కాబట్టి హార్మోన్ మాత్రల లెక్కలోకి రాలేదు. అబద్ధం చెప్పలేదు, నా ప్రశ్నే సరిగ్గా లేదు. ఇప్పుడు నేను "ఈ మూడు నాలుగు నెలల్లో ఏ కారణంతోనైనా కొత్తగా మొదలుపెట్టిన మాత్ర ఏంటి, వీలైతే స్ట్రిప్ చూపించండి" అని అడుగుతున్నాను.

తొమ్మిది వారాలు అన్నది చిన్న విషయం కాదు. ఈ మాత్రలతో గడ్డ వచ్చే ప్రమాదం మొదటి కొన్ని నెలల్లోనే ఎక్కువ. మామూలుగా ఆ వయసు ఆడవాళ్లలో ఏడాదికి 10,000 మందిలో ఇద్దరికి వచ్చేది, మాత్ర రకాన్ని బట్టి 5 నుంచి 12 మంది దాకా పెరుగుతుంది. అంటే వేసుకునేవాళ్లలో దాదాపు అందరికీ ఏమీ కాదు. మరి ఈవిడకే ఎందుకు అయింది, అదీ తొమ్మిది వారాలకే, తొడ దాకా పాకేంతగా? ఆ ప్రశ్న మొదటి రోజే రావాలి. నాకు రెండో రోజు వచ్చింది.

గడ్డ అనుమానం ఎంతుందో లెక్కేసే వెల్స్ స్కోరు 4. ఇంత అనుమానం ఉన్నప్పుడు డీ-డైమర్ (గడ్డ ఉంటే రక్తంలో పెరిగే పదార్థం) పరీక్ష చేయడం అనవసరం, నెగటివ్ వచ్చినా నేను నమ్మను, పాజిటివ్ వస్తే కొత్తగా తెలిసేదేం లేదు, కాబట్టి నేరుగా సిరల స్కాన్ అయిన డాప్లర్‌కి పంపాను. మోకాలి వెనక సిర, తొడ సిర రెండూ నొక్కితే మూసుకోవడం లేదు, గడ్డ పొత్తికడుపులోని ఇలియాక్ సిర దాకా వెళ్లింది. ఇక్కడ ఒక మాట: ఆ వెల్స్ స్కోరులో హార్మోన్ మాత్రలకి పాయింటు లేదు, ఇంట్లో ఎవరికైనా గడ్డలు వచ్చాయా అన్నదానికీ లేదు. స్కోరు వేసేశాం కదా అని చరిత్ర అడగడం మానేసే అలవాటు మా జూనియర్లలో చూస్తున్నాను, నిజం చెప్పాలంటే ఆ రోజు నేనూ అదే చేశాను.

హెపారిన్ ఎందుకు, అది ఎందుకు పని చేయలేదు

ఈ రోజుల్లో మామూలు కాలి గడ్డకి నేరుగా రివరాక్సబాన్, అపిక్సబాన్ లాంటి మాత్ర ఇచ్చి చాలామందిని ఇంటికి పంపించేయొచ్చు. ఈవిడకి అలా చేయకపోవడానికి కారణం ఆ నీలం రంగు. గడ్డ ఇంకాస్త పెరిగి సిరల దారులన్నీ మూసుకుపోతే కాలికే ముప్పు వస్తుంది, అప్పుడు కాథెటర్ (సన్నని గొట్టం) పెట్టి గడ్డని కరిగించాల్సి రావచ్చని వాస్కులర్ సర్జన్ అన్నారు. అలాంటప్పుడు ఆపగానే కొన్ని గంటల్లో ప్రభావం పోయే మందు చేతిలో ఉండాలి. అందుకని పాతకాలపు హెపారిన్, సిరలోకి, పంపు మీద. 62 కిలోల మనిషికి కిలోకి 80 యూనిట్లు ఒకేసారి, తర్వాత గంటకి కిలోకి 18 యూనిట్ల చొప్పున. ఆ నిర్ణయం ఇప్పటికీ సరైనదే అనుకుంటున్నాను, దాని వల్లే అసలు సంగతి బయటపడింది కాబట్టి కూడా.

మొదటి ఏపీటీటీ, అంటే రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం, హెపారిన్ పని చేస్తే పెరగాల్సింది, 29 సెకన్లు. మాకు కావలసింది 60 నుంచి 85. ఆరు గంటలకి చూస్తే 33. చార్టు ప్రకారం మళ్లీ ఒక డోసు ఇచ్చి, వేగాన్ని 22కి పెంచాం. పన్నెండో గంటకి 36. 24కి పెంచాం. పద్దెనిమిదో గంటకి 38. 26కి పెంచాం, అంటే గంటకి సుమారు 1,600 యూనిట్లు. ఇరవై నాలుగో గంటకి 39.

రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయి పాపం మూడుసార్లు లైన్ మార్చింది, పంపు మార్చింది, కొత్త వయల్ తెరిచింది, రక్తం రెండో చేతి నుంచి తీసింది. తెల్లారి రౌండ్స్‌కి వెళ్లేసరికి "సార్, నేనేం తప్పు చేయలేదు" అంటూ ఎదురొచ్చింది. తప్పు చేయలేదని చార్టు చూస్తేనే తెలుస్తోంది. కాలు మాత్రం నిన్నటికంటే ఒక సెంటీమీటరు పెరిగింది.

రోజుకి 35,000 యూనిట్లు దాటినా ఏపీటీటీ కదలకపోతే దాన్ని హెపారిన్‌కి లొంగకపోవడం అంటాం. మేం 38,000 దాటేశాం. ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, హెపారిన్ నిజంగా పని చేస్తూనే ఉంది కానీ ఏపీటీటీ దాన్ని చూపించడం లేదు. గడ్డ కట్టిన వేళ ఒంట్లో ఫ్యాక్టర్ 8 అనే గడ్డకట్టించే ప్రోటీన్ బాగా పెరుగుతుంది, అది ఏపీటీటీని కిందికి లాగుతుంది. రెండోది, నిజంగానే పని చేయడం లేదు. ఈ రెంటినీ విడదీసేది యాంటీ-10ఏ పరీక్ష, హెపారిన్ ఎంత పని చేస్తోందో నేరుగా కొలిచేది. అది 0.3 నుంచి 0.7 మధ్య ఉంటే ఏపీటీటీని పక్కన పెట్టి డోసు అలాగే ఉంచొచ్చు.

ఆ పరీక్ష పంపే ముందు ల్యాబ్‌కి ఫోన్ చేసి ఒక మాట అడిగాను: "మీ కిట్‌లో యాంటీథ్రాంబిన్ విడిగా కలుపుతారా?" కొన్ని కిట్లలో కలుపుతారు. అలా కలిపితే పేషెంటు రక్తంలో అది లేకపోయినా సీసాలో ఉంటుంది కాబట్టి హెపారిన్ అక్కడ చక్కగా పని చేస్తుంది, ఒంట్లో చేయకపోయినా సరే. మా కిట్‌లో కలపరు అన్నారు. ఫలితం 0.14. అంటే నిజంగానే పని చేయడం లేదు.

హెపారిన్ సొంతంగా ఏమీ చేయదు. ఒంట్లో ఉండే యాంటీథ్రాంబిన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుని దాని పనిని దాదాపు వెయ్యి రెట్లు వేగం చేస్తుంది, అంతే. బండి లేకుండా ఎంత యాక్సిలరేటర్ నొక్కినా ఏం లాభం. మేం 24 గంటలు చేసింది సరిగ్గా అదే.

అడిగిన ప్రశ్న మార్చినప్పుడు

మొదటి రోజు కేస్ షీట్‌లో "కుటుంబ చరిత్ర: ఏమీ లేదు" అని ఉంది. "ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టే జబ్బు ఉందా?" అని అడిగితే లేదనే చెప్తారు, ఆ పేరుతో ఎవరికీ ఏ డాక్టరూ చెప్పి ఉండరు కాబట్టి. రెండో రోజు మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని వేరేగా అడిగాను. ఎవరికైనా ఒక కాలు మాత్రమే లావుగా ఉంటుందా? చీలమండ దగ్గర నల్లబడి మానని పుండు ఉందా? ఆపరేషన్ తర్వాత గానీ, కాన్పు తర్వాత గానీ, సిమెంటు కట్టు వేసుకున్నప్పుడు గానీ హఠాత్తుగా పోయినవాళ్లున్నారా?

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. తమ్ముడు పుట్టిన తొమ్మిదో రోజున వాళ్లమ్మ బాత్రూం నుంచి వస్తూ కుప్పకూలిపోయిందట. గుండె ఆగిపోయిందన్నారట. ఈవిడకి అప్పుడు ఆరేళ్లు. అన్నయ్యకి 11 ఏళ్ల కిందట కాలు విరిగి కట్టు వేశారు, కట్టు విప్పాక కూడా ఆ కాలు సన్నబడలేదు, ఇప్పుడు లోపలి చీలమండ పైన నల్లగా అయిపోయి పుండు మానుతూ మళ్లీ వస్తూ ఉంటుంది, చర్మం డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నాడు. పెద్దమ్మకి పక్షవాతం వచ్చిందని కూడా చెప్పింది కానీ అది 70 దాటాక, బీపీ ఉన్న మనిషికి, అది ధమనుల వ్యవహారం, ఈ లెక్కలో కలపలేదు. కుటుంబ చరిత్ర దొరికింది కదా అని దొరికిందల్లా అందులో పోగేయకూడదు.

"పాప పుట్టినప్పుడు నాకేం కాలేదు కదా డాక్టర్ గారూ" అంది. ఆ మాట నన్ను కూడా మొదట్లో తప్పుదోవ పట్టించింది. గర్భంతో, ఆ తర్వాత ఆరు వారాలు, గడ్డ ప్రమాదం బాగా పెరుగుతుంది కాబట్టి అది దాటిన మనిషికి పుట్టుకతో వచ్చిన లోపం ఉండదులే అనుకున్నాను. అలా ఏం లేదు. పరీక్షలో ఒకసారి గట్టెక్కినంత మాత్రాన లోపం లేనట్టు కాదు.

యాంటీథ్రాంబిన్ లోపం ఇలా కుటుంబాల్లో దిగుతుందని 1965లో ఎగెబర్గ్ అనే నార్వే వైద్యుడు ఒకే కుటుంబాన్ని చూసి రాశాడు. వంశపారంపర్య కారణాల్లో మొట్టమొదట తెలిసింది ఇదే. గడ్డకట్టడాన్ని ఆపే ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్ లోపాలు 80ల్లో, ఫ్యాక్టర్ 5 లైడెన్ అనే జన్యు మార్పు 1994లో, ప్రోథ్రాంబిన్ జన్యు మార్పు 1996లో వచ్చాయి. లైడెన్ యూరప్ మూలాలున్న వాళ్లలో నూటికి సుమారు ఐదుగురిలో ఉంటుంది, ఒక్క కాపీ ఉంటే ప్రమాదం మూడు నుంచి ఐదు రెట్లు, చాలామంది దానితోనే ఏ గడ్డా లేకుండా బతికేస్తారు. యాంటీథ్రాంబిన్ లోపం అలా కాదు, చాలా అరుదు, కానీ ఉంటే మిగతావాటికంటే గట్టిది. అందరికీ "థ్రాంబోఫీలియా (గడ్డలు కట్టే లక్షణం) పాజిటివ్" అని ఒకే ముద్ర వేయడం నాకు నచ్చకపోవడానికి ఇదే కారణం.

మందు మార్చడం

నా ముందు మూడు నాలుగు దారులున్నాయి. యాంటీథ్రాంబిన్ కాన్సంట్రేట్ ఎక్కించి హెపారిన్ కొనసాగించడం. అది వెంటనే దొరికే అవకాశం లేదు. ప్లాస్మా ఎక్కించడం, అందులో యాంటీథ్రాంబిన్ ఉంటుంది కానీ తగినంత రావాలంటే చాలా ఎక్కించాలి, మిగతా గడ్డకట్టే పదార్థాలూ దానితో పాటే వస్తాయి. వార్ఫరిన్, దీన్ని ఒక సీనియర్ గట్టిగా సూచించారు, ఎన్నో ఏళ్లుగా ఈ లోపానికి వాడుతున్నది అదే అని. ఆయన అన్నది నిజమే, కానీ వార్ఫరిన్‌ని ఒంటరిగా మొదలుపెట్టకూడదు. గడ్డని ఆపే ప్రోటీన్ సి ఆరు నుంచి ఎనిమిది గంటల్లో సగానికి పడిపోతుంది, గడ్డకట్టించే ప్రోథ్రాంబిన్ పడడానికి రెండు మూడు రోజులు కావాలి, ఆ మధ్యలో ఒళ్లు ఇంకా గడ్డ వైపే మొగ్గుతుంది. అందుకే కనీసం ఐదు రోజులు హెపారిన్ తోడు పెడతాం. ఇక్కడ ఆ తోడే పని చేయడం లేదు.

నాలుగోది యాంటీథ్రాంబిన్ సాయం అక్కర్లేని మందు. ఆర్గాట్రోబాన్ ఇంజెక్షన్ ఉంది, రివరాక్సబాన్ లాంటి మాత్రలున్నాయి. ఇవి నేరుగా తమ లక్ష్యాన్నే పట్టుకుంటాయి. ఈ లోపంలో ఈ మాత్రల మీద పెద్ద ట్రయల్స్ లేవు, అక్కడక్కడా కేసుల అనుభవమే. కానీ అవి పని చేసే తీరు చూస్తే పని చేయకపోవడానికి కారణం కనబడలేదు, పైగా ఆ ఉదయానికి కాలి వేళ్లలో స్పర్శ, కదలిక, నాడి అన్నీ బాగానే ఉన్నాయి, కాబట్టి కాథెటర్ అవసరం పడకపోవచ్చని సర్జన్ కూడా ఒప్పుకున్నారు. హెపారిన్ పంపు ఆపి, ఆపిన నిమిషానే రివరాక్సబాన్ 15 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, తిండితో, మొదలుపెట్టాం. 21 రోజుల తర్వాత 20 ఒకసారి.

మూడో రోజుకి తొడ మెత్తబడింది. ఐదో రోజుకి పిక్క చుట్టుకొలత రెండున్నర సెంటీమీటర్లు తగ్గింది. ఎడమ ఇలియాక్ సిర మీదుగా కుడి ధమని వెళ్తూ నొక్కేయడం కూడా ఉందేమోనని స్కాన్ చేయించాం, చెప్పుకోదగ్గ నొక్కుడు లేదు. ఇంటికి పంపాం.

మొదటి అబద్ధం

ఈ లోగా మా జూనియర్ మొదటి రోజు సాయంత్రమే, హెపారిన్ వెళ్తుండగా, ప్రొఫైల్ మొత్తం టిక్ పెట్టి పంపేశాడు. ఫలితాలు వచ్చాయి: యాంటీథ్రాంబిన్ 41 శాతం, ప్రోటీన్ ఎస్ 48 శాతం, ప్రోటీన్ సి మామూలే, లైడెన్ లేదు, ప్రోథ్రాంబిన్ మార్పు లేదు, ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనే జన్యువు ఒక కాపీ మారింది. ఆ అబ్బాయి సంతోషంగా "సార్, మూడు లోపాలున్నాయి" అన్నాడు.

వీటిలో ఆ రోజుకి నమ్మదగినవి జన్యు పరీక్షలు మాత్రమే, వాటిని ఏ మందూ ఏ గడ్డా మార్చలేదు. అందులో కూడా ఎంటీహెచ్ఎఫ్ఆర్‌కి విలువ లేదు, జనాభాలో చాలామందికి ఉంటుంది, దాని మీద ఏ నిర్ణయమూ తీసుకోం, అసలు ఆ ప్యాకేజీలో ఎందుకు పెడతారో నాకు అర్థం కాదు. ప్రోటీన్ ఎస్ ఈస్ట్రోజెన్ వల్లే పడిపోతుంది, కొత్త గడ్డ ఉన్నా పడిపోతుంది. యాంటీథ్రాంబిన్ కూడా కొత్త గడ్డలో ఖర్చయిపోతుంది, హెపారిన్ ఇస్తే ఇంకా తగ్గుతుంది. కాబట్టి 41 అన్న అంకె నా అనుమానానికి సరిపోయింది, అంతే. సరిపోయింది కదా అని దాన్ని రుజువు అనుకోకూడదు. హెపారిన్‌కి ముందు తీసిన రక్తం మిగిలుంటుందేమో అని ల్యాబ్‌లో వెతికించాను, పారేశారు.

మూత్రంలో ప్రోటీన్ పోతోందా, కాలేయం బాగుందా అని కూడా చూశాం, ఎందుకంటే కిడ్నీ జబ్బులో యాంటీథ్రాంబిన్ మూత్రంలో పోతుంది, కాలేయం దెబ్బతింటే తయారవదు. రెండూ బాగున్నాయి. గడ్డలు కట్టించే యాంటీఫాస్ఫోలిపిడ్ జబ్బుకి గుర్తైన కార్డియోలిపిన్ యాంటీబాడీలు కూడా లేవు. ఆ జబ్బు పుట్టుకతో వచ్చేది కాదు గానీ ఉంటే రివరాక్సబాన్ మానేసి వార్ఫరిన్‌కి వెళ్లాల్సి వస్తుంది, అందుకే దాన్ని వదలకూడదు. ఆవిడకి "అనుమానం ఉంది, మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దాం, అప్పటిదాకా ఏ పేరూ పెట్టం" అని చెప్పి పంపాను.

రెండో అబద్ధం, నా సంతకం దాకా వచ్చింది

మూడు నెలలకి వచ్చింది. కాలు దాదాపు మామూలే, సాయంత్రానికి కాస్త బరువు. ప్రోటీన్ ఎస్ ఈసారి ఫ్రీ యాంటిజెన్ పద్ధతిలో (రక్తంలో విడిగా ఉన్న ప్రోటీన్ ఎంతో కొలిచేది) చేయించాం, మామూలుగా ఉంది. యాంటీథ్రాంబిన్ 74 శాతం, ల్యాబ్ కింది హద్దు 80. పక్కన "బోర్డర్‌లైన్" అని రాసుంది. మాత్ర వల్ల వచ్చిన గడ్డ, మాత్ర ఆపేశాం, మూడు నెలలు మందు వేసుకుంది, అంకె దాదాపు మామూలుకి వచ్చింది. జూనియర్ ఫైల్లో "అప్పట్లో తాత్కాలికంగా పడిపోయింది, మందు ఆపవచ్చు" అని రాసి నా ముందు పెట్టాడు. చదవడానికి చాలా సబబుగా ఉంది. ఆవిడ కూడా ఆపేయమనే అడుగుతోంది, మామూలు కంటే కాస్త గట్టిగానే.

పెన్ను తీశాక ఆగింది అన్నయ్య కాలు గుర్తొచ్చే. 74 శాతంతో హెపారిన్‌కి అంత మొండిగా లొంగకుండా ఉండడం, వాళ్లమ్మ తొమ్మిదో రోజు, ఆ పుండు, ఇవన్నీ కాకతాళీయం అంటే నాకు మింగుడు పడలేదు. రక్తం ఎప్పుడు తీశారని చూస్తే ఉదయం 10:40. మాత్ర ఎప్పుడు వేసుకున్నారని అడిగితే 8 గంటలకి, టిఫిన్ తో. రివరాక్సబాన్ రెండు నుంచి నాలుగు గంటల్లో రక్తంలో గరిష్ఠానికి వెళ్తుంది. ల్యాబ్‌కి ఫోన్ చేశాను. గడ్డకట్టించే ఫ్యాక్టర్ 10ఏ, థ్రాంబిన్ రెంటినీ యాంటీథ్రాంబిన్ అణుస్తుంది, కాబట్టి దాన్ని కొలిచే కిట్లు రెండు రకాలు: ఫ్యాక్టర్ 10ఏని ఎంత అణిచిందో చూసి చెప్పేవి, థ్రాంబిన్‌ని ఎంత అణిచిందో చూసి చెప్పేవి. వాళ్లది మొదటి రకం. రివరాక్సబాన్ చేసే పనే ఫ్యాక్టర్ 10ఏని అణచడం. అంటే సీసాలో మాత్ర పని చేస్తుంటే యంత్రం ఆ ఘనతని యాంటీథ్రాంబిన్ ఖాతాలో వేసేసింది. మొదట తక్కువ చూపించిన మందు హెపారిన్, ఇప్పుడు ఎక్కువ చూపించింది రివరాక్సబాన్. రెండు మందులూ నేను రాసినవే.

థ్రాంబిన్ కిట్ వాడే ఇంకో ల్యాబ్‌కి, పొద్దున మాత్ర వేసుకోకముందు తీసిన రక్తం పంపాం. 49 శాతం. ఐదు వారాల తర్వాత మళ్లీ, 52. యాంటిజెన్ కూడా సగమే, అంటే ప్రోటీన్ తయారవడమే సగం. ఏ మందూ వాడని అన్నయ్యని పిలిపించి చూస్తే 47. తమ్ముడిది 98. జన్యు పరీక్ష చేయిద్దామా అని ఆవిడ భర్త అడిగారు. రెండుసార్లు, సరైన పద్ధతిలో, కుటుంబంలో ఇంకొకరికి కూడా తక్కువ వచ్చాక జన్యువులో ఏ అక్షరం మారిందో తెలిసినా మేం చేసే పని మారదు కాబట్టి వద్దన్నాను.

ఒక్క విషయం గమనించండి. ఆవిడ వేసుకునే మందు డాబిగాట్రాన్ అయి ఉంటే లెక్క తలకిందులయ్యేది, అది థ్రాంబిన్‌ని అణుస్తుంది కాబట్టి అప్పుడు థ్రాంబిన్ కిట్ తప్పు చెప్పేది.

నేను అడగని ప్రశ్న

ఆపేయమని ఎందుకంత గట్టిగా అడిగిందో అప్పటికీ నేను అడగలేదు. హీమోగ్లోబిన్ 8.1 అని రిపోర్టు వచ్చాక నర్సు అడిగింది. నెలసరి పది రోజులు సాగుతోందట, మొదటి నాలుగు రోజులు ఆఫీసుకి వెళ్లలేకపోతోందట, ఆ రోజుల్లో మాత్ర మానేస్తోందట. మూడు నెలల్లో పదకొండు మాత్రలు మానేసింది. రక్తం ఇచ్చిన రోజున మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను కదా అని బుద్ధిగా వేసుకుంది, దానితోనే అంకె పెరిగింది.

నెలసరి ఎక్కువవుతోందని మొదలుపెట్టిన మాత్రతో గడ్డ వచ్చింది, ఆ మాత్ర ఆపి రక్తం పలచబడే మందు ఇచ్చాం, కానీ మొదటి సమస్యని ఎవరూ పట్టించుకోలేదు. ఈ కేసులో నాకు అన్నిటికంటే సిగ్గనిపించేది ఇదే, ల్యాబ్ కిట్ల సంగతి కాదు. గైనకాలజిస్టుతో మాట్లాడి గర్భసంచిలో పెట్టే లెవోనార్జెస్ట్రెల్ పరికరం పెట్టించాం, అందులో ఈస్ట్రోజెన్ లేదు, గడ్డ ప్రమాదాన్ని పెంచదు. ఐరన్ సిరలోకి ఇచ్చాం. రివరాక్సబాన్ బదులు అపిక్సబాన్ 5 మి.గ్రా. రెండుసార్లకి మార్చాం, నెలసరి రక్తస్రావం దానితో తక్కువగా ఉంటుందని మా అనుభవం కూడా. నాలుగు నెలల్లో హీమోగ్లోబిన్ 12 దాటింది, మాత్రలు మానడం ఆగింది.

మందు ఎన్నాళ్లు? హార్మోన్ మాత్రతో వచ్చిన గడ్డ అయితే మామూలుగా మూడు నెలలకి ఆపేస్తాం, లైడెన్ ఒక్క కాపీ ఉన్నా ఆ నిర్ణయం మారదు. ఇక్కడ మారింది. ఈ లోపంతో, ఈ కుటుంబంతో, ఇంత పెద్ద గడ్డ తర్వాత ఆపితే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ అని కొనసాగించాం. ఆరు నెలల తర్వాత డోసు సగానికి తగ్గించే పద్ధతి ఉంది కానీ ఈ లోపం ఉన్నవాళ్ల విషయంలో దాన్ని నమ్మేంత ఆధారం నాకు కనబడలేదు, పూర్తి డోసులోనే ఉంచాను. ఏడాదికోసారి కూర్చుని మళ్లీ మాట్లాడుకుందాం అనుకున్నాం. ఇంకో బిడ్డ కావాలనుకుంటే పరికరం తీయించే ముందే రావాలని, గర్భం అని తెలిసిన రోజునే అపిక్సబాన్ నుంచి హెపారిన్ ఇంజెక్షన్లకి మారాలని, ఈవిడకి ఆ ఇంజెక్షన్ల డోసు బరువుని బట్టి కాకుండా యాంటీ-10ఏ చూస్తూ పెంచాలని, కాన్పు సమయానికి యాంటీథ్రాంబిన్ కాన్సంట్రేట్ ముందే తెప్పించి ఉంచాలని రాసి ఇచ్చాను.

అన్నయ్యకి డాప్లర్ చేస్తే తొడ సిరలో పాత గడ్డ మచ్చలు, కవాటాలు పాడైపోయి ఉన్నాయి. 11 ఏళ్లుగా చర్మం జబ్బు అనుకున్నది గడ్డ వదిలిపోయిన కాలు. కట్టు బిగించి కట్టడం, కాలు ఎత్తి పెట్టడం మొదలుపెట్టాక పుండు మూడు నెలల్లో మూసుకుంది. ఆయనకి జీవితాంతం మందు ఇవ్వాలా అన్నదాని మీద మాలో మాకే ఏకాభిప్రాయం కుదరలేదు. గడ్డ సిమెంటు కట్టు వల్ల వచ్చింది, తర్వాత 11 ఏళ్లు మళ్లీ రాలేదు. చివరికి ఆయనే ఇవ్వమన్నాడు, వాళ్లమ్మ గురించి చెప్పాక.

ఇక మిగిలింది అన్నయ్య కూతురు, 15 ఏళ్లు. తండ్రికి ఉంది కాబట్టి ఆ పిల్లకి ఉండే అవకాశం సగం. ఆ పిల్ల తల్లి వెంటనే పరీక్ష చేయమంది. నేను తొందరపడలేదు: ఉన్నా ఇప్పుడు ఏ మాత్రా ఇవ్వం, తెలిస్తే ఉపయోగం హార్మోన్ మాత్ర, సిమెంటు కట్టు, ఆపరేషన్, గర్భం, ఈ నాలుగు సందర్భాల్లోనే. ఆ పిల్లనే అడిగాను. "ఉంటే నా కాలు కూడా నాన్న కాలులా అవుతుందా?" అంది. అవ్వక్కర్లేదు, ఆయన విషయంలో ఎవరికీ తెలియక అలా అయింది అని చెప్పాను. ఆలోచించి పరీక్షలయ్యాక వస్తానంది, నవ్వుతూ, "స్కూల్ పరీక్షలు, మీ పరీక్ష కాదు" అని కూడా అంది. ఇంకా రాలేదు. ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో రాసి ఉంచాను: తేలేదాకా ఉన్నట్టే లెక్క, ఈస్ట్రోజెన్ ఇవ్వొద్దు, రక్తం తీసేటప్పుడు ఒంట్లో ఏ మందు ఉందో అడిగి తీయండి.